గుడిలోని ముఖతొడుగు, వీరుల కొణతం: పల్నాటి గాథ సజీవత్వంపై పునరాలోచన

పల్నాటి వీరగాథను గురించిన తెలుగు సాహిత్య విమర్శ ఒక ప్రశ్న దగ్గరే చాలాకాలం నిలిచిపోయింది. మంజరీ ద్విపదలో లభించిన ‘పల్నాటి వీరచరిత్ర’ శ్రీనాథునిదా, కాదా? 1911లో అక్కిరాజు ఉమాకాంతం ఆ కావ్యాన్ని పరిష్కరించి ప్రకటించిన నాటినుంచి కర్తృత్వం, భాష, ఛందస్సు, 12వ శతాబ్దపు చరిత్రతో పొంతన అన్నవే ప్రధాన చర్చనీయాంశాలయ్యాయి. అది అవసరమైన చర్చే. అయితే గాథను తరతరాలుగా పాడుతూ వచ్చిన మాల వీరవిద్యావంతుల గానం ఈ చర్చలో అచ్చుప్రతికి అనుబంధ సాక్ష్యంగా మాత్రమే మిగిలింది.

‘క్రీడాభిరామం’ విషయంలోనూ ఇదే జరిగింది. ఓరుగల్లులో ఒక స్త్రీ వాద్యసహితంగా పల్నాటి వీరులను ద్విపద ప్రబంధంగా పాడిన దృశ్యం అందులో ఉంది. గాథకు ద్విపదరూపం పూర్వమే ఉన్నదనడానికి పండితులు ఆ పద్యాన్ని తరచుగా ఉదాహరించారు. కాని ఆమె పాడుతున్నప్పుడు అక్షరమక్షరానికీ యువకులు కేకలు వేస్తూ తూలిపోయారన్న అంశం మీద తగినంత దృష్టి పడలేదు. ఛందస్సుకు సాక్ష్యమైన ఆ పద్యమే ఆవేశానికీ సాక్ష్యం. కథ వినడమంటే వీరులను ఒంటిమీదికి తెచ్చుకోవడమన్న భావన ఆనాటికే ఉన్నదని అది తెలుపుతున్నది.

ఆ భావన నేటికీ కనిపించే చోటు కారెంపూడి. కార్తిక అమావాస్యతో మొదలయ్యే అయిదు రోజుల ఉత్సవానికి రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్ళిపాడు అని పేర్లు. ఇవి కథాఘట్టాల పేర్లే కాక ఆచారదినాల పేర్లు కూడా. వీరుల ఆయుధాలుగా పూజలందుకొనే కొణతాలను ఆచారవంతులు తమ ఊళ్ళనుంచి మోసుకొని వస్తారు. నాగులేటి ఒడ్డున వాటికి స్నానం, వీరుల గుడిలో పూజ జరుగుతాయి. మందపోరు నాడు చాపకూడు ఉంటుంది. బ్రహ్మనాయుడు కులభేదం లేకుండా అందరినీ ఒకే చాపపై కూర్చోబెట్టాడన్న కథాంశం అక్కడ భోజనంగా మారుతుంది. ఇంతటి సందర్భంనుంచి గానాన్ని విడదీసి, దానిలో కావ్యగుణం ఎంత అని తూచడం అరకొర విమర్శే అవుతుంది.

ఈ లక్షణం వీరగాథకే పరిమితమా అన్న ప్రశ్నకు తెలుగునేల వెలుపల తెలుగులోనే సాగే మరొక సంప్రదాయం సమాధానమిస్తుంది. తంజావూరు సీమలోని మేలట్టూరులో నరసింహ జయంతి వేళ వేంకటరామశాస్త్రి రచించిన ‘ప్రహ్లాద చరిత్రము’ను భాగవతమేళగా ప్రదర్శిస్తారు. ప్రేక్షకులలో అధికులు తమిళులు. నరసింహుని ముఖతొడుగు గుడిలో పూజలందుకొంటుంది. దానిని ధరించే నటుడు ఆనాడు ఉపవాసముంటాడు. స్తంభం నుంచి వెలువడిన నరసింహుని ఉద్రేకం హద్దు మీరకుండా పక్కవారు పట్టి ఉంచుతారు. ఆ ముఖతొడుగును ఆహార్యమని పేర్కొని ఊరుకోలేం. కారెంపూడిలో కొణతం చేసే పనినే మేలట్టూరులో అది చేస్తున్నది: కథను వర్తమానంలోకి తెచ్చి, దానిని మోసేవారిపై నియమం విధిస్తున్నది.

యునెస్కో 2003 ఒడంబడిక అమూర్త వారసత్వాన్ని నిర్వచిస్తూ, ఆచారాలతోపాటు వాటికి సంబంధించిన వస్తువులనూ స్థలాలనూ చేర్చింది. నిర్వచనం మేలైనదే. ఆచరణలో మాత్రం వస్తువు సులభంగా విడివడి పోతుంది. 2010లో ఆ జాబితాకెక్కిన ఛౌ నృత్యానికి ముఖతొడుగులు చేసే పురూలియా జిల్లా చరీదా గ్రామంలో గోడకు తగిలించుకొనే అలంకరణ ముఖాలూ తయారవుతున్నాయి. అది కళాకారుల జీవిక. దానిని తప్పుపట్టడం చదువరుల విలాసం. అయినా గోడమీది ముఖం కోసం ఎవరూ ఉపవాసముండరు.

నియమాన్ని కీర్తించి ఊరుకోవడం కూడా సరికాదు. మేలట్టూరు రంగస్థలం సంప్రదాయికంగా బ్రాహ్మణ పురుషులది. పల్నాటి గాథలో కన్నమదాసు మాల సేనాని, బ్రహ్మనాయుని పుత్రసమానుడు. గాథను నిలిపినవారూ మాలలే. ఆచారం ఒకచోట ప్రవేశాన్ని కట్టడి చేస్తే, మరొకచోట వెలివాడకు గాథపై అధికారమిచ్చింది. ఆ అధికారాన్ని అచ్చు యుగం గుర్తించలేదు. జీన్ రోగేర్ 1982లో ఆంగ్లంలో ప్రకటించిన అధ్యయనం ఒక వీరవిద్యావంతుని గానాన్నే మూలపాఠంగా స్వీకరించింది. తెలుగు పాఠ్యప్రణాళికలు ఇంకా ద్విపద కావ్యం చుట్టూనే తిరుగుతున్నాయి.

గానపాఠాన్ని తెలుగులో పరిష్కరించేవారు ఎవరు, ఏ దినాన, ఏ కొణతం ముందు పాడారో పాఠంతోపాటే నమోదు చేయాలి. ఏ ఘట్టంలో గాయకుడు ఆగాడు, ఎక్కడ వినేవారు కేక వేశారు అన్నవి అధస్సూచికలకు నెట్టవలసిన వివరాలు కావు. ముఖపత్రంపై కర్తస్థానంలో ఎవరి పేరు ఉండాలన్న పాత వివాదం కూడా అక్కడే మళ్ళీ మొదలుకావాలి.