గ్లాసులో ఆకు

వరి రైతుల మీటింగుకి వెళ్తే సంచీలో గాజు గ్లాసు పెట్టుకుంటాను. ఎండాకు తెగులు పట్టిన ఆకును కోసి, కోసిన చివర నీళ్లలో ముంచి కాసేపు ఆగితే, అందులోంచి పాలచుక్కలాంటిది సన్నటి ధారగా కిందికి దిగుతుంది. అదంతా బాక్టీరియా. వెనకాల చుట్ట కాల్చుకునేవాళ్లు కూడా లేచి ముందుకొస్తారు.

ఈ తెలివి మొదట్నుంచీ ఉన్నది కాదు. తొలిసారి ప్రొజెక్టర్ మోసుకెళ్లాను. పట్టికలూ గ్రాఫులూ అయ్యాక ఒక పెద్దాయన, "ఇంతకీ యూరియా చల్లమంటావా, వద్దంటావా బాబూ?" అన్నాడు. తెగులు కనిపిస్తే పైపాటు యూరియా ఆపాలన్న మాట నా స్లైడుల్లో ఉంది. ఆఖరి దాంట్లో!

అదే పరిశోధన సైన్సు జర్నల్‌కి పంపితే, వాళ్లకి ఈ గ్లాసు చాలదు. అక్కడా ఆకు కొయ్యాల్సిందే, కానీ బాక్టీరియా కలిపిన నీళ్లలో ముంచిన కత్తెరతో కొస కత్తిరించి, రెండు వారాలకి మచ్చ ఎంత పొడవు పాకిందో స్కేలు పెట్టి కొలవాలి. ఎన్ని మొక్కలు, ఏ రకం బాక్టీరియా అని అడుగుతారు. అడగాలి కూడా.

నాకు అన్నిటికన్నా కష్టం విలేకరులతో. 1986లో బాపట్ల నుంచి వచ్చిన సాంబ మసూరికి, అదే మన బీపీటీ 5204కి, ఎండాకు తెగులంటే ప్రాణగండం. హైదరాబాదులో జీవకణాల మీద పరిశోధన చేసే సీసీఎంబీ, వరి పరిశోధన సంస్థ కలిసి దాన్ని తట్టుకునే మూడు జన్యువులు అందులోకి తెచ్చాయి. తెచ్చింది సంకరం చేసే. జన్యుమార్పిడి విత్తనం కాదు. తిన్నాక రక్తంలో చక్కెర ఎంత వేగంగా పెరుగుతుందో చెప్పే గ్లైసీమిక్ ఇండెక్స్ ఆ బియ్యానికి 51 దగ్గర, అంటే తక్కువగానే తేలింది. "షుగరున్నవాళ్లకి కాస్త నయం" అని ఒక విలేకరితో నోరు జారాను. తెల్లారేసరికి 'షుగర్ తగ్గించే బియ్యం' అని హెడ్డింగు. చక్కెర మెల్లగా పెరగడం వేరు, తగ్గడం వేరు. ఆ మాట నేనే చెప్పి ఉండాల్సింది. మా మేనత్త ఫోన్ చేసి, "మాత్రలు మానెయ్యొచ్చట్రా?" అంది.

మూడు జన్యువుల సంగతి రైతులకి మూడు తాళాలని చెప్తుంటాను. మొన్న ఒకావిడ, "దొంగ తాళం తీయడం నేర్చుకుంటే?" అంది. జర్నల్‌లో పేజీలకు పేజీలు నడిచే ప్రశ్న అది. నేర్చుకుంటాడమ్మా, ఒకటైతే తొందరగా నేర్చుకుంటాడనే మూడు వేశారన్నాను.

"మూడూ నేర్చేస్తే?"

"అప్పుడు నాలుగోది వెతకాలి."

ఆవిడ గ్లాసు వైపు ఇంకోసారి చూసింది. "సరే గానీ సారూ, ఆ నీళ్లు మా కాలవలో పొయ్యమాకండి."