నేర్పమని అడిగే ప్రార్థన

పొద్దున బైబిలు తెరిచే ముందు 119వ కీర్తనలోని 'హే' భాగాన్ని ప్రార్థనగా చెప్పుకోవడం నాకు చాలా ఏళ్ళుగా అలవాటు. 33 నుంచి 40 వరకు ఎనిమిది వచనాలు. ఆ కీర్తనలో మొత్తం 176 వచనాలున్నాయి. హెబ్రీ అక్షరాలు 22, అక్షరానికి ఎనిమిదేసి వచనాలు, ఆ ఎనిమిదీ ఆ అక్షరంతోనే మొదలవుతాయి. కంఠతా పట్టడానికి వీలుగా కట్టిన కీర్తన అది. తెలుగులో ఆ కట్టు నిలవలేదు, అక్షరాల పేర్లు మాత్రం పైన మిగిలాయి. అయినా మా నాయనమ్మకు అక్షరం ముక్క రాకపోయినా ఈ ఎనిమిది వచనాలూ నోటికొచ్చు. కూటాల్లో విని విని పట్టేసింది.

మా ఈపూరు చుట్టుపక్కల పల్లెల్లో గృహ కూటాలకు వెళ్తే మనవాళ్ళు దేవుణ్ణి ఏమడుగుతారో తెలుస్తుంది. అప్పు తీరాలి, పిల్లకు సంబంధం కుదరాలి, మిరపకు తెగులు తగలకూడదు, పిల్లవాడికి ఉద్యోగం రావాలి. అడగాల్సినవే. తండ్రిని కాక ఎవరినడుగుతాం? కానీ 'ప్రభువా, నీ మాట నాకు నేర్పు, నేర్చుకున్న ప్రకారం నన్ను నడిపించు' అని ఎవరైనా అడగ్గా వినడం అరుదు.

'హే' భాగం సరిగ్గా అదే అడుగుతుంది. మొదట మార్గం నేర్పమంటుంది, తర్వాత బుద్ధి ఇమ్మంటుంది, ఆ వెంటనే ఆ దారిలో నడిపించమంటుంది. నేర్పితే చాలు, నడవడం నేను చూసుకుంటానని కీర్తనకారుడు అనలేదు. తెలిసినదాన్ని చేసే శక్తి కూడా తన దగ్గర లేదని ఒప్పుకుని, దాన్ని కూడా అడిగి తీసుకుంటున్నాడు. నా దృష్టిలో వినయమంటే అదే. మోకాళ్ళ మీద ఎంతసేపు ఉన్నాం, ఎంత కన్నీరు కార్చాం అన్నవి దాని తర్వాతే.

అయితే మా ప్రాంతంలో వినయం గురించి మాట్లాడేవాళ్ళు జాగ్రత్తగా మాట్లాడాలి. ఇక్కడ తరతరాలుగా కొందరి తలలు బలవంతంగా వంచారు. అలాంటి చోటికే, జర్మనీలో పుట్టి అమెరికా లూథరన్ల తరఫున వచ్చిన మిషనరీ హయ్యర్ 1842లో గుంటూరు చేరి, 1849లో గురజాలకు వచ్చాడు. 1866లో బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఒంగోలు వచ్చాక వేలాది మాదిగ కుటుంబాలు ఆ సంఘంలో చేరాయి. వాళ్ళ ముందు పెట్టిన నియమాలు మూడే: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. వినడానికి చిన్నవిగా ఉంటాయి. ఆదివారం పనికి రానని ఊరి పెద్దకు చెప్పడమంటే ఆ రోజుల్లో బతుకుదెరువును పణం పెట్టడమే. జాతరలో డప్పు కొట్టనన్నందుకు దెబ్బలు తిన్నవాళ్ళున్నారు. 1876-78 కరువులో తిండి కోసమే చేరుతున్నారన్న మాట రాకూడదని క్లౌ ఏడాదికి పైగా బాప్తిస్మాలు ఆపేశాడు. వాళ్ళు ఆగారు. ఆగి, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. నేర్పమని అడిగి, నేర్చుకున్నది చేసి, అందుకు మూల్యం చెల్లించినవాళ్ళు వాళ్ళు. దేవుడి ముందు వంగిన ఆ తల దొర ముందు వంగడం మానేసింది.

కీర్తనలో కూడా ఇదే వరస. 'హే' తర్వాత వచ్చేది 'వావ్' భాగం. నేర్పమని బతిమాలిన మనిషే అక్కడ, 46వ వచనంలో, రాజుల ఎదుట సిగ్గుపడకుండా దేవుడి మాట చెబుతానంటాడు. ఈ రెండు భాగాలనూ విడదీసి చదవకూడదని నా గట్టి నమ్మకం. మొదటిది వదిలేస్తే పొగరు మిగులుతుంది. రెండోది వదిలేస్తే బానిసత్వం మిగులుతుంది. మా పక్కనున్న వినుకొండలో 1895లో పుట్టిన కవి జాషువా రాసిన 'గబ్బిలం'లో గుడిలోకి రానివ్వని మనిషి తన గోడు శివుడికి చెప్పమని గబ్బిలాన్ని పంపిస్తాడు. అది కూడా ప్రార్థనే. అందులో తల ఎత్తి అడగడం ఉంది.

ఇది క్రైస్తవులకే చెందిన సంగతి కాదు. ముస్లిం సోదరులు ప్రతి నమాజులోనూ తిన్నని దారి చూపమని వేడుకుంటారు. జ్ఞానాన్ని గురువుకు మొక్కి, ప్రశ్నించి, సేవ చేసి తెలుసుకోమంటుంది భగవద్గీత నాలుగో అధ్యాయం. మొక్కడం పక్కనే ప్రశ్నించడాన్ని పెట్టడం నాకు ఎంతో నచ్చుతుంది.

'హే' భాగంలో నన్ను పట్టి ఆపేది 36వ వచనం. హృదయాన్ని లోభం వైపు పోనివ్వకుండా నీ శాసనాల వైపు తిప్పమని అందులో అడుగుతాం. ఆ మాట పలికి లేచాక చేలోకి వెళ్ళాలి. అక్కడ మిరప కోతకు వచ్చిన ఆడవాళ్ళుంటారు. కూలివాడి కూలి పొద్దు గుంకేలోపే ఇచ్చేయమని ద్వితీయోపదేశకాండం 24వ అధ్యాయం చెబుతోంది. సరుకు అమ్మాక ఇస్తాం, శనివారం రండి, చిల్లర లేదు అంటూ మనం చెప్పే సాకులేవీ ఆ అధ్యాయంలో లేవు. పొద్దున 36వ వచనాన్ని ప్రార్థించి, సాయంత్రం కూలి ఆపినవాడు ఆ ప్రార్థన చేయనట్టే.

సంఘ పెద్దలకూ, ఇళ్ళలో కూటాలు పెట్టుకునేవాళ్ళకూ నాదొక విన్నపం. ఈ వారం కూటంలో మన అవసరాల జాబితా మొదలుపెట్టే ముందు ఈ ఎనిమిది వచనాలూ నెమ్మదిగా చదవండి. చదువు రానివాళ్ళ చేత పలికించండి. ఎవరికైనా కూలి బాకీ ఉంటే, ముందు అది ఇచ్చేసి వచ్చి మోకాళ్ళూనండి.