రాయి మీద ఎవరున్నారు?

చనిపోయిన మనిషి పేర రాయి నిలబెట్టడం మన ఆదివాసులకు కొత్త కాదు. కొత్తగా వచ్చింది గ్రానైట్ పలక. ఇప్పుడు మన గూడేల్లో దినాలు దగ్గరపడితే చదువుకున్న కొడుకు పట్నం వెళ్లి పలక చేయించుకొస్తున్నాడు. ప్రేమతోనే చేయిస్తున్నాడు, ఆ ప్రేమను మేము తప్పుపట్టం. కానీ ఆ పలకను ఒక రచనలా చదివితే అందులో చనిపోయిన మనిషి ఎంత ఉన్నాడన్నదే మా ప్రశ్న.

చదువుదాం. పైన కోటు తొడిగిన ఫొటో. తాత బతికుండగా కోటు తొడగలేదు, ఫొటో కోసం స్టూడియోలో తొడిగించారు. కింద 'స్వర్గస్తులైన' అన్న మాట. అది షాపులో అన్ని పలకలకూ ఉండే మాటే. ఆ తర్వాత పుట్టిన తేదీ, జనవరి 1. పుట్టినరోజు తెలియని పెద్దలకు కార్డు రాసినవాళ్లు వేసిన తేదీ అది. చివర కొడుకుల పేర్లు, ఉద్యోగాలతో సహా. తాత బుట్టలు బాగా అల్లేవాడనీ, ఏ చెట్టుకు ఎప్పుడు తేనె పడుతుందో ఆయనకే తెలుసనీ ఎక్కడా లేదు. అన్నీ తీసి చూస్తే అది కొడుకుల పలక.

మన పెద్దల రాళ్లు వేరుగా మాట్లాడాయి. సవరలు గువార్ అనే క్రతువులో చనిపోయినవారి పేర రాయి నాటుతారు. దహనం జరిగిన కొంతకాలానికి, తమ వంశంవాళ్ల రాళ్లున్న చోటే నాటుతారు. రాతి మీద అక్షరం ఉండదు. పేరును మాత్రం తర్వాత పుట్టిన బిడ్డకు పెట్టుకుంటారు. అంటే మనిషి చోటు రాయి దగ్గర, పేరు బిడ్డ దగ్గర ఉంటాయి.

బస్తర్‌లో దండామి మాడియాల పద్ధతి ఇంకొకటి. దంతెవాడ దగ్గరి గామావాడలో వాళ్ల పెద్ద పెద్ద స్మృతి శిలలు నేటికీ నిలిచి ఉన్నాయి. బస్తర్‌లో చెక్క స్తంభాల మీద చెక్కడాలూ, రాళ్ల మీద రంగుల బొమ్మలూ కూడా కనిపిస్తాయి. జంతువులు, పక్షులు, కొమ్ముల తలపాగా పెట్టి ఆడేవాళ్లు ఉంటారు. ఈ కాలపు వాటి మీద మోటారు సైకిలు, విమానం కూడా ఎక్కాయి. విమానం బొమ్మ ఉంటే ఆ మనిషి విమానం ఎక్కాడనే అనుకోనక్కర్లేదు, ఎక్కాలన్న కోరిక కూడా బొమ్మ కావచ్చు. సిమెంటు, డబ్బా రంగులు అక్కడికీ వచ్చాయి. కాబట్టి సంప్రదాయమంటే పాత సరుకు వాడటం కాదు. బొమ్మ ఆ మనిషిదా కాదా అన్నదే లెక్క.

చోటు కూడా ఎంత చెప్పగలదో కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లా మార్లవాయి చూపిస్తుంది. గోండుల మధ్య పనిచేసిన హైమన్‌డార్ఫ్ భార్య బెట్టీ ఎలిజబెత్ 1987లో హైదరాబాద్‌లో చనిపోయారు. ఆమె సమాధి మార్లవాయిలో ఉంది. 1995లో ఆయన చనిపోయాక, ఆయన గుర్తు కూడా ఆమె పక్కకే చేరింది. గోండు ఉపాధ్యాయులకు శిక్షణ కేంద్రం 1943లో మొదలైన ఊరు అది. ఆ ఇద్దరి గురించి పలక చెప్పాల్సిన దాంట్లో సగం ఆ ఊరే చెబుతుంది.

'అక్షరాలు వద్దు, పెద్దలకు లేవు కదా' అనేవాళ్లున్నారు. మేము ఒప్పుకోం. మన పేర్లను రికార్డుల్లో ఎవరికి తోచినట్టు వాళ్లు రాశారు. సొంత పేరు సరిగ్గా రాసుకునే ఒక్క చోటైనా మన చేతిలో ఉండాలి. అయితే ఆ అక్షరాలు మన మాటలు పలకాలి. తెలుగు లిపిలోనే కోయ మాట, గోండి మాట, సవర మాట రాయొచ్చు. సవరకు 1936లో మంగెయి గొమాంగో రూపొందించిన సొరాంగ్ సొంపెంగ్ లిపి ఉంది. గోండికి గుంజాల లిపి ఉంది. రాయికి చాలినన్ని అక్షరాలు వాటిలో ఉన్నాయి.

గ్రానైటే కావాలనుకుంటే గ్రానైటే పెట్టండి. అప్పు మాత్రం చేయకండి. వాగులోని రాయి డబ్బులు అడగదు, దాన్ని మోయడానికి ఊరంతా వస్తుంది. తొందర కూడా వద్దు, సవరల రాయి ఆగినట్టే మన రాయీ ఆగగలదు. ఈలోగా అవ్వ గురించి ఆమె ఈడువాళ్లను అడగండి. ఆమెను ఊళ్లో ఏమని పిలిచేవాళ్లు? చేతిలో ఎప్పుడూ ఏముండేది? ఏ పండక్కి ముందు నిలబడేది? పుట్టిన ఏడు తెలియకపోతే ఏ కరువుకో, ఏ వరదకో ముడిపెట్టి చెప్పినదే రాయండి. జనవరి 1 కన్నా అది నిజం.

టీచర్లకు ఒక మాట. తెలుగు వాచకంలో వ్యాసం రాయమన్నప్పుడు ఎప్పుడూ ఉండే అంశాల పక్కన దీన్నీ ఇవ్వండి. ఇంట్లో పోయిన పెద్దమనిషి రాతి మీద ఏ బొమ్మ వేస్తావు, ఏ రెండు మాటలు రాస్తావు, ఎందుకు? పలక ఆర్డరు ఇవ్వడానికి పట్నం వెళ్లేది రేపు ఈ పిల్లలే.