పదసామ్యము – భాషాబంధుత్వము

భిన్నదేశములందలి రెండు భాషలలో నొకే తీరుగ వినబడు మాటలు కానవచ్చినంతనే వానికి చుట్టఱికము కలుపుట భాషాపరిశోధనమున మిక్కిలి ప్రాతదియగు ప్రమాదము. ఇది తెనుగునకును తప్పలేదు. 1816లో ఎల్లిసు దొర, కాంబెలు రచించిన తెనుగు వ్యాకరణమునకు చేర్చిన పీఠికావ్యాసమున, తెనుగు, తమిళము, కన్నడము సంస్కృతజన్యములు గాక యొక్క కుటుంబమునకు చెందినవని చూపెను. 1856లో కాల్డ్వెల్లు పండితుడు ఆ కుటుంబమును స్థిరపఱచి, యంతటితో నిలువక, దానిని సిథియను భాషలని తాను పిలిచిన దూరపు భాషలతో కలుపజూచెను. 1963లో లాహోవరి యనునాతడు ద్రావిడభాషలను బాస్కుభాషతో పోల్చి యొక గ్రంథమునే వెలయించెను. ఈ మూడింటిలో మొదటి పోలిక నేటికిని నిలిచియున్నది. తక్కిన రెండును పండితుల యంగీకారమును పొందలేదు. దీనికి హేతువేమి?

స్వభాషయందలి మమకారము తీర్పును వంచును. కావున మనకు పక్షపాతము లేని రెండు భాషలను ముందు తూచి చూతము. ఒకటి అస్సామునందలి బోడో. ఇది టిబెటో-బర్మను కుటుంబమునకు చెందినది, దేవనాగరిలిపిలో వ్రాయబడుచున్నది, 2003లో 92వ సవరణముచే రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలున చోటు పొందినది. రెండవది స్పెయిను, ఫ్రాన్సు దేశముల సరిహద్దున పిరనీసు కొండల పడమటి కొసయందలి బాస్కు. దీనికి సజీవభాషలలో జ్ఞాతి యున్నట్లు నిరూపింపబడలేదు.

తూచుటకు ముందు మన యింటి దృష్టాంతమొకటి. హైదరాబాదున జూబిలీహిల్సు, ఫిలింనగరు ప్రాంతములందు డబ్బింగు జరుగు గదిలో నొకపూట కూర్చుండిన వారికి ఈ విషయము సులభముగ బోధపడును. తెరమీది నటుడు తమిళమునో హిందీనో పలుకుచుండును. మాటల రచయిత యాతని పెదవులను కనిపెట్టి, యవి మూతపడినచోట ప, బ, మలలో నొకటియు, నోరు విచ్చినచోట ఆకారమును వచ్చునట్లు తెనుగుమాటను కూర్చును. 1950లో వెలువడిన ‘ఆహుతి’ చిత్రమున హిందీనుండి తెనుగునకు శ్రీశ్రీ మాటలు కూర్చిననాటినుండి ఈ విద్య మనవారికలవడినది. కూర్పు కుదిరినచో ఆ నటుడు తెనుగే పలికినట్లు తోచును. అది రచయిత నేర్పు. అంతమాత్రమున హిందీకిని తెనుగునకును రక్తసంబంధము కలదని యెవరును తలపరు. అక్కడ నేర్పైనదే శాస్త్రమున దోషమగును.

ఒకటి మొదలయిదువఱకు బాస్కున బట్, బి, హిరు, లౌ, బొస్త్. బోడోలో సే, నై, థామ్, బ్రై, బా. అయిదింటికి రెంటను బకారమే యాదినున్నది. ఆశపడువారి కిది చాలును. కాని బకారమునకు బకారమే సరియగుట నియమమైనచో, బాస్కు బట్, బి యనువాని కెదురుగ బోడోలో బకారము రావలెను. రాలేదు, సే, నై యున్నవి. బోడో బ్రై కెదురుగ బాస్కున లౌ యున్నది. నియమము రెండడుగులైన నడువలేదు. మేఘాలయమునందలి గారోభాషలో సా, గ్ని, గిత్తమ్, బ్రి, బొంగా యని లెక్కింతురు. బోడోతో నిది వరుసగ సరిపోవుచున్నది. ఇది చుట్టఱికము, మొదటిది యాదృచ్ఛికము. మఱియు బాస్కున ‘ఉర్’ అనగా నీరు. బోడోలో ‘ఒర్’ అనగా నిప్పు. చెవినే నమ్మినవాడు నీటితో నిప్పు రగిలింపవలసియుండును.

ఈ రెండు భాషలును క్రియను వాక్యాంతమున నిలుపుననియు, ప్రత్యయములను పదములకు వెనుక చేర్చుననియు కొందఱనవచ్చును. తెనుగును, జపానుభాషయు నట్టివే. వాక్యరచన యింటి కట్టడివంటిది. ఒకే తీరుగ నిండ్లు కట్టుకొన్నవారందఱు దాయాదులు కారు. లోపలికి పోయి చూచిన భేదము స్పష్టమగును. బాస్కున ‘దకార్త్’ అనగా ‘నేను దానిని తెచ్చుచున్నాను’. ‘నకార్సు’ అనగా ‘నీవు నన్ను తెచ్చుచున్నావు’. కర్తయు కర్మయు క్రియలోనే యిమిడియుండును. బోడోక్రియ పురుషభేదముచే మాఱనే మాఱదు.

పోలికకు ముందు ఎరువుమాటలను వేఱుచేయవలెను. తత్సమ, తద్భవ, దేశ్య విభాగము చేసిన మన వైయాకరణులకు ఈ మెలకువ క్రొత్తది కాదు. బాస్కున రాజును ‘ఎర్రెగె’ యనియు పుస్తకమును ‘లిబురు’ యనియు అందురు. రెండును లాటినునుండి వచ్చినవి. వానిని చూచి బాస్కును లాటిను పుత్రికయన్నచో నెట్లుండునో, తత్సమములను లెక్కించి తెనుగును సంస్కృతపుత్రిక యనుటయు నట్లేయుండును.

ఇక నెల్లిసు త్రోవ యేల నిలిచినది? కన్నడమున హాలు, హావు, హులి, హత్తు. తెనుగున పాలు, పాము, పులి, పది. తెనుగు పకారమునకు కన్నడమున హకారము వరుసగ వచ్చినది. ప్రాచీనకన్నడమున నక్కడ పకారమే యుండెను. ఈ సూత్ర మెఱిగినవాడు కన్నడమున ‘హల్లు’ అను మాట విన్నంతనే తెనుగున ‘పల్లు’ ఉండవలెనని ముందుగనే చెప్పగలడు. ఇట్లు చెప్పగలుగుటయే శాస్త్రము. బాస్కు ‘ఉర్’ను మన ‘నీరూరు’టతో ముడిపెట్టినవాడు తరువాతి మాటను చెప్పలేడు.

ఈ విచారము పండితవినోదము మాత్రము కాదు. 1961లో భద్రిరాజు కృష్ణమూర్తిగారు తెనుగు ధాతువులను శోధించి, తెనుగునకు గోండి, కువి మొదలగు భాషలతోడి సామీప్యమును సోపపత్తికముగ చూపిరి. తమిళమున ‘ఇరండు’ అయినది తెనుగున ‘రెండు’, గోండిలో ‘రండ్’. తొలి అచ్చును కోల్పోవుటలో తెనుగును గోండియు నొక్కటే. ఆదిలాబాదు బడులలో గోండు బాలుడు ‘రండ్’ అన్నప్పుడు, అది చెడిన తెనుగని గద్దించు ఉపాధ్యాయుడు, జ్ఞాతిని గుర్తింపక వాకిటనుండి వెడలగొట్టినవాడగును. పిరనీసు కొండలయందు చుట్టములను వెదకబోవుటకు ముందు, గోదావరి యొడ్డున మనతో నన్నము పంచుకొనదగినవారి పలుకులను చెవియొగ్గి విని, వ్రాసికొనుట మన విధి.