‘డాక్టర్ చక్రవర్తి’: నిర్మలను ఎవరు అడిగిరి?



సముద్రపుటొడ్డున ఒక చిన్న పట్టణము, అందొక ఆసుపత్రి, అందులో ఒక వైద్యుడును ఒక వైద్యురాలును, వారిద్దరి ప్రేమ: ఇట్టి నవలలు ఇంగ్లీషు భాషలో కుప్పలుగా వెలువడుచున్నవి. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతమువారమైన మనకు పెద్ద నీరనగా ధర్మపురివద్ద గోదావరియే గనుక ఆ సముద్రపు సంగతి అటుంచుదము. వైద్యుల ప్రేమకథ మాత్రము మనకును కలదు.

గత మాసమున కోరుట్లలో ప్రార్థన కూటము ముగిసిన పిమ్మట, బీడీలు చుట్టు సహోదరీలు కొందరు ఒకరి ఫోనులో ‘డాక్టర్ చక్రవర్తి’ అను పాత చిత్రము చూచుచుండగా, నేనును చాపమీద కూర్చుండి చివరివరకు చూచితిని. కాపరికి సినిమా యేమిటని కొందరనవచ్చును. చూడకయే తీర్పు తీర్చుటకంటె చూచి తీర్చుట మేలని నా యభిప్రాయము.

కోడూరి కౌసల్యాదేవిగారు వ్రాసిన ‘చక్రభ్రమణం’ అను నవల దీనికి మూలము. ఆదుర్తి సుబ్బారావుగారి దర్శకత్వమున 1964లో వెలువడి, ఆ సంవత్సరమే ఆరంభమైన నంది బహుమానమును ఉత్తమ చిత్రముగా పొందినది. అక్కినేని నాగేశ్వరరావుగారు వైద్యుడైన చక్రవర్తి. అతడును శ్రీదేవి అను వైద్యురాలును ప్రేమించుకొందురు గాని, పరిస్థితులవలన అతడు నిర్మలను వివాహమాడును. ప్రాణప్రదమైన చెల్లెలు సుధ మరణించును. తరువాత స్నేహితుడైన రవీంద్ర భార్య మాధవియందు అతనికి ఆ చెల్లెలే కనబడును. అతని మనస్సులో కల్మషము లేదు. లోకమునకు అది తెలియదు. అనుమానము ఇండ్లలో చొరబడును.

ఈ కథలో మెచ్చదగినది మొదట చెప్పెదను. పరపురుషుడొకడు పరస్త్రీని చెల్లెలిగా ప్రేమింపగలడని చెప్పుటకు ఈ చిత్రము ధైర్యము చేసినది. యౌవనస్త్రీలను ఏ మనస్సుతో చూడవలెనో పౌలు తిమోతికి వ్రాసిన మొదటి పత్రిక అయిదవ అధ్యాయములో బోధించియున్నాడు. ఆ బోధను మనము ఆదివారము చదువుదుము. సోమవారము ఒక నర్సమ్మ రాత్రి డ్యూటీకి పోవుచుండగా అరుగుమీద కూర్చుండి గుసగుసలాడుదుము. సావిత్రిగారి నటన చూచినవారికి ఆ గుసగుస ఎంత గాయము చేయునో బోధపడును.

అయితే నాకొక అభ్యంతరము కలదు. నిర్మల పాత్రను మనము అసహ్యించుకొనునట్లు మలచిరి. జానకిగారు ఎంత చక్కగా నటించిరో, చూచువారికి ఆమెమీద అంత కోపము పెరుగును. ఆమెవైపునుండి చూడుడి. భర్త హృదయము మొదట శ్రీదేవికి చెందినది. మిగిలినది మరణించిన చెల్లెలి జ్ఞాపకమునకు పోయినది. ఆ జ్ఞాపకమును అతడు మరియొకరి ఇంట వెదకుచున్నాడు. ఊరివారి రోగములెల్ల కనిపెట్టువాడు తన ఇంటి రోగమును కనిపెట్టలేదు. చిత్రము ముగియగానే ముసలి సహోదరియొకతె బీడీ చాట ప్రక్కకు నెట్టి, “అయ్యగారూ, గంతమంది ఉన్నరు గదా, ఆ నిర్మలను ఒక్కలన్న కూసోబెట్టి అడిగిన్రా?” అన్నది. ఇంతకంటె మంచి విమర్శ నేను సెమినరీలో వినలేదు.

లోకములో వైద్యులైన భార్యాభర్తలు లేకపోలేదు. పాల్ బ్రాండ్, మార్గరెట్ అను ఇద్దరు లండనులో వైద్యము చదువుచు పరిచయమై 1943లో వివాహము చేసికొనిరి. తరువాత వేలూరు వచ్చి, అతడు కుష్ఠరోగుల చేతులను, ఆమె వారి కన్నులను బాగుచేయు పనిలో జీవితము గడిపిరి. ఒకరి రోగులు మరియొకరికి తెలియుదురు. మన ఇండ్లు అట్టివి కావు. భార్య ఇక్కడ బీడీలు చుట్టును, భర్త గల్ఫులో ఇటుకలు మోయును. వారిమధ్య ఫోను తప్ప మరేమియు లేదు.

సిరిసిల్ల దాపున ఒక పల్లెలో జరిగినది చెప్పెదను. దుబాయిలోనున్న ఒక సహోదరుని భార్య, జ్వరముతోనున్న బిడ్డను వారములో మూడుసార్లు ఒక వైద్యునియొద్దకు తీసికొనిపోయినది. బిడ్డ జ్వరము తగ్గకమునుపే ఆమెనుగూర్చిన మాట దుబాయి చేరినది. నాలుగు నెలలు అతడు డబ్బు పంపెను గాని మాటలాడలేదు. ఆ మాట మన సంఘస్థుల నోటనే పుట్టినది. నా చెవిని కూడ పడినది, నేను ఊరకుంటిని. మరియను అనుమానించిన దినములలో సయితము ఆమెను బజారుకీడ్వని యోసేపునుగూర్చి ప్రతి క్రిస్మసుకును ప్రసంగించువాడను, ఆ ఇంటికి పోవుటకు నాకు నాలుగు నెలలు పట్టినది.

పోయి, ఆమె యెదుటనే అతనికి ఫోను చేసి, “తమ్ముడా, ఈ సంగతి ఆమెను అడిగితివా?” అంటిని. చాలసేపు పలుకలేదు. పిమ్మట, “లేదు అయ్యగారూ, అడుగలే” అనెను. ఫోను ఆమె చేతికిచ్చి నేను వాకిటిలోనికి వచ్చితిని.