తేమ శాతం, రాంపురం పాఠం

ఎనుమాముల మార్కెట్‌కు పత్తి బస్తాలు చేరుతున్న ఈ వారంలోనే, వరంగల్ పదో తరగతి విద్యార్థులు ‘రాంపురం’ అనే ఆర్థికశాస్త్ర పాఠానికి ప్రాజెక్టు పని పేరిట గైడులోని పేరాలను తెల్లకాగితాలకు ఎక్కించవలసి రావడం బాధ కలిగించే విషయం. ఎక్కడో ఉత్తరప్రదేశ్‌లోని ఆ ఊరిని పక్కనబెట్టి ఇక్కడి మార్కెట్‌నే పాఠం చేయాలని ఈ శీర్షిక మొదటినుంచీ వాదిస్తున్న సంగతి పాఠకులెరిగినదే.

అందుకు తగిన పద్ధతీ ఉన్నది. సిద్ధాంతం ముందు, లెక్క తరువాత అనే వరుసను తిరగేసి, ఒకే జవాబు లేని నిజమైన చిక్కును ముందుంచి, దాన్ని విప్పడానికి కావలసిన భావనలను విద్యార్థులే వెతుక్కునేలా చేసే సమస్యాధారిత అభ్యసనం 1969లో కెనడాలోని మెక్‌మాస్టర్ వైద్య కళాశాలలో రూపుదిద్దుకున్నది. ఆర్థికశాస్త్రానికి అదెంతగా అతుకుతుందో పత్తి తేమ ఒక్కటే చూపుతుంది.

2025-26లో పొడుగు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. 8 శాతం తేమ వరకు భారత పత్తి సంస్థ (సీసీఐ) ఆ ధర పూర్తిగా చెల్లించి, ఆపైన ప్రతి శాతానికి ఒక శాతం కోసి, 12 దాటితే కొనదు. ఆ లెక్కన 11 శాతం తేమ ఉన్న పది క్వింటాళ్లకు 78,667 రూపాయలు వస్తాయి. ఆరబెట్టి 8కి దింపితే పూర్తి ధర దక్కినా, తేమతోపాటు సుమారు 30 కిలోల బరువూ పోతుంది కనుక మొత్తం దాదాపు అక్కడే ఆగుతుంది, ఆరబోత కూలి అదనం. వ్యాపారి క్వింటాలుకు 7,000కే అడిగినా నగదు వెంటనే ఇస్తానంటే, రెండు రూపాయల వడ్డీకి లక్ష తెచ్చి నెలనెలా 2,000 మోస్తున్న రైతు ఎటు మొగ్గాలి? ఒకటి ఎంచుకున్నందుకు వదులుకున్నవాటిలో మేలైనదాని విలువే అవకాశ వ్యయమన్న నిర్వచనం ఈ తర్జనభర్జన నడుమ చెబితే బుర్రకెక్కుతుంది.

అయితే ఆ తరగతిలో పట్టా పాసుపుస్తకం లేక సీసీఐకి అమ్ముకోవడం కష్టమైన కౌలురైతు బిడ్డ, హమాలీ బిడ్డ, అడ్తిదారు బిడ్డ ఒకే బెంచీపై కూర్చుంటారు. అప్పు ప్రస్తావన రాగానే లెక్క పాఠంగా మిగలక ఇంటి గుట్టవుతుంది, అప్పున్న ఇంటి బిడ్డ తల దించుకుంటుంది. రాంపురం దూరాన ఉండడమే ఇక్కడ ఆసరా, ఎందుకంటే అక్కడి వడ్డీని గురించి ఎవరైనా గొంతెత్తి వాదించవచ్చు. ఆ పాఠాన్ని తీసేయాలన్న పాత వాదనను ఈ శీర్షిక వదులుకుంటున్నది. ఉపాధ్యాయుడు రాంపురం పొలంలో గోధుమకు బదులు పత్తి వేయించి, తేమ 11 శాతం వచ్చిందని నల్లబల్లపై రాస్తే చాలు.