ఎర్ర గీత ఎవరిది?

ఈ వారం పాడేరు పక్క ఊళ్లో ఒక ఆశా కార్యకర్త, జ్వరంతో ఉన్న పిల్లాడి వేలికొస నుంచి ఒక్క చుక్క రక్తం తీసి మలేరియా కిట్‌లో వేసింది. పావుగంట దాటాక రెండు ఎర్ర గీతలు తేలాయి, అంటే మలేరియానే. వెంటనే మందు మొదలుపెట్టింది. కరెంటుతో పని లేదు, ల్యాబుకు పరుగు లేదు. నాకెంత సంతోషమేసిందో!

ఆ ఎరుపు బంగారానిది. సుమారు 40 నానోమీటర్ల రేణువులైతే బంగారం పసుపు వదిలి ఎర్రబడుతుంది. ఆ రేణువులకు అంటించిన యాంటీబాడీలు రక్తంలోని మలేరియా ప్రొటీన్‌ను పట్టుకుని కిట్‌లోని పట్టీ వెంట పాకుతాయి. దారిలో గీతగా అద్దిన ఇంకో యాంటీబాడీ ఆ ప్రొటీన్‌ను ఆపేస్తుంది. రేణువులు అక్కడ పోగుపడితే గీత.

ఇక్కడ శాస్త్రవేత్త ఫారడేను తలచుకోకుండా ఉండలేను. పుస్తకాలు బైండు చేస్తూ, వాటినే చదువుతూ సైన్సులోకి వచ్చిన మనిషి. 1857 నాటికి లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో బంగారు లవణాన్ని భాస్వరంతో విడగొట్టి కెంపురంగు ద్రవం చేశాడు. అందులోకి వెలుతురు పంపితే దాని దారి మెరిసింది. కంటికి ఆనని బంగారు రేణువులు ఉన్నాయని అలా తేల్చుకున్నాడు. రోగాల ఊసే లేదు. బంగారానికీ వెలుతురుకీ ఉన్న సంబంధం ఒక్కటే ఆయన ప్రశ్న. ఆయన సీసాలు కొన్ని ఇప్పటికీ అక్కడున్నాయి. 1971లో ఫాక్, టేలర్ అనే పరిశోధకులు బంగారు రేణువులకు యాంటీబాడీలు అంటించారు, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కోసం. 1975లో కోలర్, మిల్‌స్టైన్ అనే మరో ఇద్దరు ఒకే రకం యాంటీబాడీలు తయారుచేసే దారి చూపారు.

యూనివర్సిటీల్లో శాఖల గోడలు కూలాలని ఇక్కడ ఎన్నోసార్లు రాశాను. ఈ పట్టీనే సాక్ష్యంగా చూపుదామని కూర్చున్నాను. కానీ వీళ్లెవరూ మలేరియా కిట్ చేద్దామని బయల్దేరలేదు. ఎవరి ప్రశ్నను వాళ్లు లోతుగా తవ్వారు. గోడలు ఉండనివ్వండి. ఫిజిక్సు విద్యార్థికి ఫిజిక్సే గట్టిగా చెప్పండి.

కలవాల్సిన చోటు వేరే ఉంది. ఫాల్సిపేరం రకం మలేరియాను పట్టే కిట్లు ఎక్కువగా హెచ్‌ఆర్‌పీ2 ప్రొటీన్‌ను నమ్ముకున్నాయి. ఆ ప్రొటీన్‌ను చేసే జన్యువే లేని మలేరియా పరాన్నజీవులు పెరూ అమెజాన్ ప్రాంతంలో ఉన్నాయని 2010లో వెల్లడైంది. అలాంటి చోట ఒంట్లో మలేరియా ఉన్నా గీత రాకపోవచ్చు. ఎల్‌డీహెచ్ అనే మరో ప్రొటీన్‌ను వెతకొచ్చు గానీ, రక్తంలో పరాన్నజీవులు తక్కువుంటే ఆ గీత లేతగా వస్తుంది. దాన్ని చిక్కబరిచే పని బంగారు రేణువులు తెలిసినవాళ్లకూ, యాంటీబాడీలు చేసేవాళ్లకూ కలిపి అప్పగించాలి. అందుకు కొత్త భవనం, కొత్త శాఖ అక్కర్లేదు. ఈ ఒక్క ప్రశ్నకు డబ్బు ఇవ్వండి.